హౌసక్క నోరు

ఏంటే వైజూ, జొన్న భాకరీ అలా పక్కకి నెట్టేశావు? ఠేచా పచ్చడి కారంగా ఉందా? నిన్నటిదాకా పచ్చిమిరపకాయ కొరుక్కుని తిన్నదానివి, ఇవాళ కారమైపోయిందా? ఏదీ, ఇలా వెలుతురులోకి రా, నోరు తెరువు. ఇంకా తెరువు, నీ పళ్లేం లెక్కపెట్టనులే. ఆ, పెదవి లోపల ఒకటి, నాలుక పక్కన ఒకటి. పూసిందే నోరు. మందులేమైనా మింగుతున్నావా? పంటి నొప్పికా? రోజుకి ఎన్ని మింగమన్నాడు, ఎన్నాళ్లు మింగమన్నాడు, సరిగ్గా విన్నావా? నవ్వకే. నేనేం డాక్టర్ని కాదు, బీడీలు చుట్టుకుని బతికినదాన్ని. అయినా ఎవరికి నోరు పూసిందన్నా నాకు ముందు వాళ్లు మింగే మాత్రలే గుర్తొస్తాయి. హౌసక్క నోరు చూసిన కళ్లివి. నీకు తెలీదులే, నువ్వు పుట్టేసరికే పోయింది. మీ అమ్మకి తెలుసు, చంకనేసుకుని తిప్పింది మీ అమ్మని. ఇప్పుడు ఆ మొబైల్ రిపేరు కొట్టు ఉంది చూడు, అదే హౌసక్క ఇల్లు. దానికీ మనకీ నడుమ గోడలో ఒక ఇటుక ఊడిపోయిన సందుండేది. అగ్గిపెట్టె, ఉప్పు, కూర గిన్నె, తిట్లు, అన్నీ ఆ సందులోంచే అటూ ఇటూ వెళ్లేవి. తర్వాత మీ తాత సిమెంటు పెట్టి మూసేశాడు, ఎలుకలొస్తున్నాయని. ఎలుకలెక్కడివి, హౌసక్క మాటలు ఇటు రాకుండా మూశాడు. మర్నాడే ఆవిడ గోడవతల నుంచి ఇంకా గట్టిగా మాట్లాడ్డం మొదలెట్టింది.

నోరంటే అదీ నోరు. నేను పెళ్లై ఈ వీధికొచ్చినప్పుడు నాకు బీడీ చుట్టడం రాదు. మా పుట్టింట్లో చెరుకూ బెల్లమూ తప్ప ఇంకోటి తెలీదు. మా అత్త చేట తెచ్చి ఒళ్లో పెట్టి చుట్టమంది. ఎలా చుట్టను? ఆకు చిరిగిపోతోంది, పొగాకు ఒళ్లంతా రాలుతోంది, కళ్లలో నీళ్లు. అప్పుడు సందులోంచి గొంతు వినబడింది, ‘ఏయ్ కొత్త కోడలా, ఆకుని బతిమాలుతున్నావేంటి? మీ ఆయన చెవి మెలేసినట్టు మెలెయ్యి’ అని. అలా నేర్చుకున్నా. నా వేళ్లు తన వేళ్లలో పెట్టుకుని నేర్పింది. అంత చిన్న వేళ్లు, ఎంత చకచకా తిరిగేవో. ఆకులో పొగాకు పెట్టడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం, ఇవన్నీ వేళ్ల పని. కళ్లు వీధిలో, నోరు కబుర్లలో. సాయంత్రం అందరం కార్ఖానాకి పట్టుకెళ్తే అక్కడ కట్టలు తనిఖీ చేసే చెకర్ దత్తోబా గద్దె మీద కూర్చునేవాడు. కట్టల్లోంచి బాగాలేని బీడీలు ఏరి పక్కన పడేసేవాడు. ఛాట్ అనేవాళ్లం వాటిని. ఛాట్ పడినదానికి కూలి రాదు, పోనీ మనకి తిరిగిస్తారా అంటే అదీ లేదు. మిగతా ఆడవాళ్లం తలొంచుకుని వచ్చేసేవాళ్లం. హౌసక్క మాత్రం కొంగు నడుముకి దోపుకుని నిలబడేది. ‘దత్తోబా, ఇంట్లో మీ ఆవిడ చేసిన భాకరీ కూడా ఇలాగే నలిపి చూసి, బాగాలేదని పక్కన పెట్టి, తర్వాత అదీ నువ్వే తింటావా?’ అనేది. అందరం కిసుక్కున నవ్వేవాళ్లం. వాడి చెవులు ఎర్రబడేవి. పక్కన పడేసినవాటిలో నాలుగు మళ్లీ ఇటు కట్టలోకి వచ్చేవి. తన కట్టలోకే కాదు, మా అందరి కట్టల్లోకీ. ఆ నోటి చాటున మేమంతా బతికాం, అబద్ధమెందుకు చెప్పాలి.

అలాంటి మనిషికి వేళ్లు పట్టేశాయి. ఒక వానాకాలంలో మొదలైంది. పొద్దున్నే లేస్తే పిడికిలి తెరుచుకునేది కాదు. కణుపులు రేగుపళ్లలా ఉబ్బి ఎర్రగా కందిపోయేవి. ఆకు తడిపే బిందెలో వేడినీళ్లు పోసుకుని చేతులు ముంచి కూర్చునేది, ఎవరైనా వస్తే ఆకు తడుపుతున్నట్టు నటించేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. మరిది సర్జేరావు ఒక్కడు, వాణ్ణి ముక్కు చీదడం దగ్గర్నుంచి తనే పెంచింది. వాడేమో తాలీంలో కుస్తీలు పట్టేవాడు. కుస్తీ పట్టేవాడికి పాలు కావాలి, బాదం కావాలి, అవన్నీ ఈ వేళ్లలోంచే రావాలి. వాడికీ తెలియనివ్వలేదు. కత్తెర పట్టుకోలేకపోతే ఆకు నేను కత్తిరించి సందులోంచి అందించేదాన్ని, చుట్టడం మాత్రం తనే. చుట్టినవి వదులుగా వచ్చేవి. దత్తోబాకి పండగే కదా ఇంక. ఒకరోజు తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు, ‘హౌసాబాయీ, దీపావళి పాడవా పండగ దాకా చూస్తాం. అప్పటికీ చెయ్యి ఇలాగే ఉంటే కార్డు పెట్టేసి వెళ్లండి.’ కార్డంటే తెలుసుగా, కార్ఖానాలో మన పేరుండే కార్డు. అది పోతే ఆకివ్వరు, పొగాకివ్వరు, ముసలితనంలో వచ్చే నాలుగు రాళ్లూ రావు. ఆ వయసులో ఇంకెవరు పనికి పిలుస్తారు? ఖాళీ చేట చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది హౌసక్క. గుమ్మం దగ్గర ఆగి, ‘వేళ్లు పోతే నేను పోయినట్టే కాశీ’ అంది. నన్ను కాశీ అనేది. ఇప్పుడు అలా పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు.

ఆ రోజుల్లోనే బస్టాండు వెనక దవాఖానాకి ఒక కుర్ర డాక్టరొచ్చాడు. పేరు ఈరణ్ణ. ధార్వాడ అవతల ఏదో పల్లె వాళ్లది. మనమేమో కర్ణాటకలో ఉన్నాం, వీధి వీధంతా మాట్లాడేది మరాఠీ. అతనికి మరాఠీ ముక్క రాదు. కన్నడం నెమ్మదిగా మాట్లాడితే మరాఠీ అయిపోతుందనుకునేవాడు పాపం. ఒక్కో మాటా విరిచి, గట్టిగా, చెవిటివాళ్లకి చెప్పినట్టు చెప్పేవాడు. మనవాళ్లు తలూపి వచ్చేసేవాళ్లు. మన హౌసక్కకేమో తనకి కన్నడం వచ్చని గొప్ప. ఏం వచ్చు? సంతలో వంకాయలు బేరమాడ్డం వచ్చు, దాహమేస్తే నీళ్లడగడం వచ్చు, నాలుగు మంచి తిట్లు వచ్చు. ఒక్కతే వెళ్లింది దవాఖానాకి. అతను చేతులు పట్టుకుని కణుపు కణుపూ నొక్కి చూశాడట. ‘నా చేతులు అంత మెల్లగా మా అమ్మ కూడా పట్టుకోలేదే’ అని వచ్చాక చెప్పింది. రెండు పొట్లాలిచ్చాడు. ఒకదాంట్లో తెల్ల మాత్రలు, రోజూ రెండు పూటలా. రెండో దాంట్లో పసుప్పచ్చవి, కందిపప్పు బద్దంత ఉంటాయి. అది మాత్రం ‘వారక్క ఒమ్మె’ అన్నాడు. ఇంకా ఏవేవో చెప్పాడు, ఎన్ని నెలలకి సరిపడా ఇచ్చాడో, మళ్లీ ఎప్పుడు రావాలో. చివర్న అర్థమైందా అమ్మా అని అడిగితే, ‘నాకు కన్నడం రాదనుకున్నావా నాయనా’ అని అతన్నే గదమాయించి వచ్చింది ఈవిడ.

ఇదిగో, ఇక్కడే ఉంది తిరకాసంతా. వారక్క ఒమ్మె అంటే వారానికోసారి. కన్నడంలో వార అంటే ఏడు రోజులూ కలిపి. మరి మనకి? ఏడు రోజులకి మన మరాఠీలో వేరే మాటుంది, ఆఠవడా అంటాం. వార్ అంటే మనకి ఒక్కరోజే. ఇవాళ ఏ వార్, సోమ్‌వార్. రేపు, మంగళ్‌వార్. హౌసక్క చెవినేం పడిందంటే, ఒక్కో వార్‌కి ఒక్కోటి. సోమ్‌వార్‌కి ఒకటి, మంగళ్‌వార్‌కి ఒకటి, బుధ్‌వార్‌కి ఒకటి. తెల్లది రెండు పూటలు, పసుపుది ఒక పూట. ఇందులో అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పు? నేను విన్నా అలాగే వినేదాన్ని, మీ తాత విన్నా అంతే. ఇదంతా మాకు తర్వాత తెలిసిందిలే. అప్పుడు తెలిసిందల్లా ఏంటంటే, హౌసక్క వేళ్లు విచ్చుకున్నాయి. నాలుగైదు రోజులకే పొద్దున్నే సందులోంచి చెయ్యి ఇటు పెట్టి వేళ్లాడించి చూపించింది. ‘ఏయ్ కాశీ, ఇంక ఆకు కత్తిరించి ముష్టి వెయ్యక్కర్లేదు’ అంది. ఆ వారం చుట్టిన కట్టల్లో దత్తోబాకి ఛాట్ తియ్యడానికి బీడీ దొరకలేదు. కట్ట అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వాసన చూశాడు. ‘నాకి కూడా చూడు దత్తోబా, ఉప్పు సరిపోయిందో లేదో’ అంది. అబ్బ, ఆ రోజు ఎంత నవ్వాం. అదే తన ఆఖరి మాట అవుతుందేమో అనిపించింది తర్వాత.

ఎందుకంటే ఇంకో మూణ్ణాలుగు రోజులకి నోరు పూసింది. మొదట పెదవి లోపల, నీకున్నట్టే. నెయ్యి రాసుకుంది. మర్నాటికి చిగుళ్లు, బుగ్గల లోపల, నాలుక కింద, అంగిలి దాకా. తెల్లతెల్లగా పొర లేచి కింద పచ్చి మాంసం. ఉమ్మి మింగలేక కొంగుతో తుడుచుకునేది, కొంగు ఎర్రగా తడిసేది. ఆకలేస్తే గంజి చల్లార్చి కళ్లు మూసుకుని పోసుకునేది, గొంతు దిగేలోపు కాళ్లు కొట్టుకునేది. చూళ్లేకపోయేదాన్ని. వీధిలో అందరూ డాక్టర్లే. ఒకావిడ పటిక నీళ్లంది, ఒకావిడ తుమ్మ బెరడంది. మిశ్రీ వల్లే అని మా అత్త. పొగాకు మాడ్చి పొడిచేసి పళ్లకి రుద్దుకునే అలవాటు మా అందరికీ ఉండేది, హౌసక్కకి కాస్త ఎక్కువే. ‘అది కాన్సరే, నేను చెబుతున్నాగా, మా ఆడపడుచుకీ ఇలాగే మొదలైంది’ అని మూలింటి చింగూబాయి. ఆవిడే ఎదురుగా కూర్చుని, ‘ఇన్నేళ్లూ ఎంతమందిని అన్నావే, యల్లమ్మ తల్లి నోరు పట్టుకుంది, వెండి నాలుక చేయించి మొక్కు తీర్చుకో’ అంది. ఇంకొకప్పుడైతే చింగూబాయి ఆ మాటతో గుమ్మం దాటి వెళ్లేదా? హౌసక్క తడి ఆకు ముక్కొకటి తీసి ఆవిడ మీద విసిరింది, అంతే. నేను సందు దగ్గర కూర్చుని మెల్లగా అన్నా, ‘అక్కా, ఆ మాత్రలు మొదలెట్టాకే కదా ఇదంతా. ఆపి చూడరాదూ’ అని. చెయ్యి సందులోంచి ఇవతలకి పెట్టింది. నా మొహం ముందు పిడికిలి బిగించింది, విప్పింది. మళ్లీ బిగించింది, మళ్లీ విప్పింది. అంటే ఏంటో తెలుసా? నోరు పోతే పోనీ, వేళ్లుంటే చాలు అని. ఆ రాత్రీ మింగింది మాత్ర. నీళ్లు గొంతులో దిగుతున్న చప్పుడు, వెనకే మూలుగు, నాకు వినబడ్డాయి.

కార్ఖానా సంగతి చెప్పలేదు కదూ. నోరు పూశాక కూడా రోజూ వచ్చేది మాతో. కట్ట గద్దె మీద పెట్టి నిలబడేది. మొదటిరోజు దత్తోబా సంబరం చూడాలి. ‘ఏం హౌసాబాయీ, ఇవాళ మౌనవ్రతమా, ఏకాదశా?’ అన్నాడు. ఈవిడ పలకలేదు. పెదాలు గట్టిగా బిగించి వాణ్ణే చూస్తూ నిలబడింది. వాడు నా కట్టలోంచి రెండు బీడీలు తీసి పక్కన పెట్టాడు. ఈవిడ చూపు వాటి మీదకెళ్లింది, మళ్లీ వాడి మీదకొచ్చింది. వాడు ఒకటి వెనక్కి పెట్టాడు. చూపు తియ్యలేదు. రెండోదీ పెట్టేశాడు. మర్నాడు మరీ చిత్రం, కట్టలు సరిగ్గా చూడకుండానే తీసుకున్నాడు. మూడో రోజు నన్ను పక్కకి పిలిచి, ‘కాశీబాయీ, ఆవిడేదో మనసులో పెట్టుకుంది, యూనియన్ వాళ్ల దగ్గరికేమైనా వెళ్తోందా? ఏదో ఒకటి అనమను, తిట్టమను, నాకు రాత్రి నిద్రపట్టట్లేదు’ అన్నాడు. నోరు తెరిస్తే నెత్తురొస్తుందని తెరవట్లేదురా నాయనా అని నేనెందుకు చెబుతాను? చెప్పలేదు. ఇంటికొచ్చి హౌసక్కకి చెబితే నవ్వబోయింది, నవ్వలేక ఏడ్చింది. చూడు, నాకిప్పుడు కూడా నవ్వూ ఏడుపూ రెండూ వస్తున్నాయి.

పసుపు మాత్రల పొట్లం అయిపోయింది. పాడవా ఇంకా రాలేదు. హౌసక్కకి కోపమొచ్చింది. సర్కారు మందులు సగం దవాఖానావాళ్లే అమ్ముకుంటారని ఊళ్లో అనుకునేవాళ్లుగా, తనకీ సగమే ఇచ్చి పంపాడని. ఒంట్లో జ్వరం కాలిపోతోంది, అయినా ఖాళీ పొట్లం రొంటిన పెట్టుకుని బయల్దేరింది, పోట్లాడ్డానికి. నోరు లేదు, పోట్లాటకి మాత్రం బయల్దేరింది. అదీ హౌసక్కంటే. మాట్లాడ్డానికి మనిషి కావాలని నన్ను తీసుకెళ్లింది. దారిలో రెండుసార్లు కూలబడింది. డాక్టరు ఈరణ్ణ ముందురోజే సెలవు నుంచి వచ్చాడట. సెలవెందుకంటే పెళ్లి చేసుకొచ్చాడు. చేతికి పసుపు దారం ఇంకా ఉంది, కొత్త చొక్కా. మమ్మల్ని చూసి నవ్వుతూ లేచాడు. హౌసక్క ఖాళీ పొట్లం బల్ల మీద కొట్టింది. నేనన్నాను, ‘మందు తక్కువిచ్చారండీ, అప్పుడే అయిపోయింది.’ అతనికి నా మాట తెలియలేదు గానీ ఖాళీ పొట్లం తెలిసింది. నవ్వాగిపోయింది. ఎలా వేసుకున్నారు, అని చేత్తో అడిగాడు. హౌసక్క చెయ్యెత్తింది. తన చెయ్యి ఎంత తిన్నగా తెరుచుకుందో అతనికి చూపించాలని కూడా ఉంది కదా. బొటనవేలు ముడిచింది, నేను పక్కనుంచి ‘సోమ్‌వార్’ అన్నాను. చూపుడువేలు ముడిచింది, ‘మంగళ్‌వార్.’ నడిమి వేలు, ‘బుధ్‌వార్.’ అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. చిటికెనవేలి దాకా రానివ్వలేదు, ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కిటికీ వైపు తిప్పి, నోరు తెరవమన్నాడు. చూశాడు. కుర్చీలో కూర్చుండిపోయాడు. ‘అవ్వా, అవ్వా’ అనుకుంటూ నెత్తి కొట్టుకున్నాడు. వాళ్ల భాషలో అవ్వ అంటే అమ్మే.

అక్కడే మంచమెక్కించారు. ఒంట్లో నెత్తురు విరిగిపోయిందట, చిన్న జలుబు తగిలినా తట్టుకోదు, మనిషి దక్కదు అన్నారు. దానికి విరుగుడు ఇంజక్షనుంది, అది ఇక్కడ లేదు. డాక్టరే స్కూటరేసుకుని బెళగావి పోయి, చీకటి పడేలోపు పట్టుకొచ్చాడు. ఇంటికెళ్లలేదు, ఆ కొత్త పెళ్లికూతురు ఏమనుకుందో ఏమో, మంచం పక్కనే బెంచీ మీద పడుకున్నాడు. వార్డులో ఆయా గౌరవ్వ ఉండేది, కన్నడామె, మరాఠీ బాగా వచ్చు. ఆమె చెప్పిందే మాకు సంగతంతా. పైనున్న పెద్ద డాక్టరు ఈ పిల్లాణ్ణి పిలిచి, ‘చదువురాని మనిషి, చెప్పింది వినకుండా మింగింది అని రాసెయ్, మన మీదకి రాదు’ అన్నాడట. ‘ఆమె విన్నది సార్, నేనే చెప్పడం రాక చెప్పాను’ అన్నాడట ఇతను. రాయలేదు. వచ్చి నాకు తనే చెప్పాడు, గౌరవ్వని పక్కన నిలబెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ, ఈ మాట వల్ల ఇలా జరిగింది అని. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? మంచి పిల్లాడే అతను. హౌసక్క అన్నీ వింటూ పడుకునుంది. నోరంతా మందు పూసిన గుడ్డ. దాహమేస్తే చిటికెనవేలు ఎత్తేది, దుప్పటి కావాలంటే వేలితో మంచం గీరేది.

మరి ఊరన్నాక ఊరుకుంటుందా. మూడో రోజు మధ్యాహ్నం సర్జేరావొచ్చాడు, తాలీం కుర్రాళ్లని వెంటేసుకుని. ఒక్కొక్కడు ఆ తలుపంత ఉన్నాడు. అప్పట్లో ఊళ్లో బోర్డుల గొడవ నడుస్తోంది, కన్నడం పైన రాయాలా మరాఠీ పైన రాయాలా అని. బస్సు అద్దాలు కూడా పగిలాయి ఆ నెలలోనే. వీళ్లకి అది చాలు. ‘కన్నడోడు మా వహినికి, తల్లిలాంటి వదినకి విషం పెట్టాడు’ అని వరండాలోంచే కేకలు. గౌరవ్వ తలుపుకి అడ్డం నిలబడింది, లోపలికి రావద్దు, మీ చెప్పుల దుమ్ము చాలు ఆమెని చంపడానికి, అని. నెట్టేశారు. డాక్టరు పారిపోవచ్చు, వెనక తలుపుంది. పారిపోలేదు. వచ్చి మంచానికీ వీళ్లకీ నడుమ నిలబడ్డాడు, రోగి దగ్గరికి రావద్దని. సర్జేరావు అతని చొక్కా పట్టుకున్నాడు. బొత్తాలు రాలి గచ్చు మీద దొర్లాయి. చెయ్యెత్తాడు. నేను గోడకి అంటుకుపోయా.

అప్పుడు హౌసక్క లేచి కూర్చుంది. ఎలా లేచిందో నాకు తెలీదు. నోట్లో గుడ్డ లాగి పారేసింది. ‘సర్జ్యా’ అంది. అన్నాళ్ల తర్వాత ఆ గొంతు. అరిగిపోయి, గరగరమని. వాడి చెయ్యి గాల్లోనే ఆగింది. ‘వార్ అంటే ఏంట్రా?’ అంది. వాడు తెల్లబోయాడు. ‘అదేంటి వహినీ, వార్ అంటే... సోమ్‌వార్ ఒక వార్, మంగళ్‌వార్ ఒక వార్.’ హౌసక్కకి ఒక్కో మాటకీ పెదవి చిట్లుతోంది, గడ్డం మీద నెత్తురు కారుతోంది, తుడుచుకోలేదు. ‘గౌరవ్వా, మీ భాషలో?’ గౌరవ్వ ఏడుస్తూ చెప్పింది, ‘ఏడు రోజులూ కలిపి ఒక వార తల్లీ.’ ‘విన్నావుగా. అతను చెప్పిందీ సరిగ్గానే చెప్పాడు, నేను విన్నదీ సరిగ్గానే విన్నాను. ఇప్పుడు ఎవర్ని కొడతావో కొట్టు.’ సర్జేరావు చొక్కా వదిలేశాడు. అంత వస్తాదూ కింద కూర్చుని బొత్తాలు ఏరడం మొదలెట్టాడు, ఏం చెయ్యాలో తెలియక. డాక్టరు ఆవిణ్ణి పడుకోబెట్టబోయాడు. చెయ్యి విదిలించింది. ‘పసుపు మాత్ర ఆపేస్తావా?’ అని అడిగింది. గౌరవ్వ చెప్పింది అతనికి. ‘ఆపేస్తానమ్మా, జన్మలో ఇవ్వను’ అన్నాడు దండం పెడుతూ. హౌసక్క చెయ్యెత్తి అతని మొహం ముందు వేళ్లు ముడిచింది, తెరిచింది. ‘నోరు మానుతుంది. వేళ్లు మళ్లీ రావు. ఆపావో, అప్పుడు సర్జ్యా కాదు, కొట్టేది నేను.’

ఆపలేదు. నెత్తురు కుదురుకున్నాక, చాన్నాళ్లకి, మళ్లీ మొదలెట్టాడు. భయం అతనికే, తనకి లేదు. ఏడు రోజులకొకటి, గురువారం నాడు, దవాఖానాకొచ్చి అతని ఎదురుగా మింగాలి. అలా వెళ్లి వెళ్లి అతనికి మరాఠీ వచ్చేసింది, తిట్లతో సహా. పాడవాకి కార్డు పోలేదు, దత్తోబా అడగనే లేదు. చాలా ఏళ్లు చుట్టింది ఆ చేతులతో.

నీకు అసలు సంగతి చెప్పనా. ఆ రోజు ఆ మాటలు అన్నాక మళ్లీ చాన్నాళ్లు మాట రాలేదు తనకి. పుళ్లన్నీ చిట్లిపోయి మళ్లీ మొదటికొచ్చాయి. చచ్చిపోతానని తనకీ తెలుసు ఆ రోజుల్లో. నేను పక్కనే ఉన్నా, నాకొక్క మాట చెప్పలేదు, ఇల్లు చూసుకో అని గానీ, సర్జ్యాని చూసుకో అని గానీ. దాహమన్నా వేలే చూపించింది. ఉన్న నాలుగు మాటలూ ఎవరో కన్నడ పిల్లాడి కోసం...

ఆ పాలగిన్నె మీద మూత పెట్టవే, పిల్లి తిరుగుతోంది.